అన్నం సంగతి రాత్రి సూదికి తెలియదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మందు చుట్టూ తిరిగాయి. గ్లార్జిన్ అనీ డెగ్లుడెక్ అనీ చీటీల మీద రాసే, ఒక్కసారి పొడుచుకుంటే రోజంతా పనిచేసే ఇన్సులిన్. మీలో చాలామంది దాన్ని "రాత్రి సూది" అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను, పొద్దున వేసుకునేవాళ్లు ఏమీ అనుకోవద్దు. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను. ఇక్కడ చెప్పే యూనిట్ల లెక్కలు విషయం అర్థం కావడానికే, మీ డోసు మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోండి.

"మా వారికి 56 ఏళ్లు, 11 ఏళ్లుగా మాత్రలు వాడుతున్నారు. మూడు నెలల షుగర్ పరీక్షలో 9.4 వచ్చింది, పరగడుపున 210. డాక్టర్ గారు మాత్రలతో పాటు రాత్రి గ్లార్జిన్ 10 యూనిట్లు రాశారు. కొనుక్కొచ్చి నెలయింది, ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన అలాగే ఉంది. మా ఆడపడుచు వాళ్లాయనకి ఇన్సులిన్ మొదలుపెట్టాకే కళ్లు పోయాయట, ఒకసారి మొదలెడితే ఇక చచ్చేదాకా వదలదట. ఈయన ఆ మాట పట్టుకుని కూర్చున్నారు." – తెనాలి

గుడ్ల పక్కన అంటే తలుపు అరలోనే కదమ్మా, మందుకేం కాలేదు. ఈ నెల రోజుల్లో నష్టం జరిగింది ఆయనకే.

ఆయన్ని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి. రాత్రి తొమ్మిదింటికి రెండు పుల్కాలు తిని పడుకున్నారు, పొద్దున ఆరింటిదాకా నోట్లో ఏమీ వేసుకోలేదు, మరి పొద్దున్నే ఆ 210 ఎక్కడినుంచి వచ్చింది? లివర్ నుంచి. మనం తినని వేళల్లో మెదడుకీ గుండెకీ చక్కెర అందాలి కాబట్టి లివర్ తన దగ్గర దాచిపెట్టుకున్నదాన్ని కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఎంత వదలాలో చెప్పేది ఇన్సులిన్. క్లోమం రాత్రంతా సన్నటి ధారలా ఇన్సులిన్ ఇస్తూ ఉంటే లివర్ అదుపులో ఉంటుంది. ఆ ధార సన్నగిల్లితే అడ్డూ అదుపూ లేకుండా చక్కెర పోస్తూనే ఉంటుంది, మీ వారు ఉపవాసం పడుకున్నా సరే. రాత్రి సూది చేసేది ఆ పోయిన ధారని తిరిగి పెట్టడమే, అంతకుమించి ఏమీ లేదు.

అది రోజంతా ఎలా పనిచేస్తుందంటే, పంచదార నీళ్లలో వేస్తే వెంటనే కరిగిపోతుంది, పటికబెల్లం ముక్క వేస్తే ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే. గ్లార్జిన్‌ని కొంచెం పుల్లటి ద్రవంలో కరిగించి ఇన్సులిన్ పెన్నులో, అంటే డోసు అంకె తిప్పి పొడుచుకునే పెన్నులాంటి పరికరంలో, నింపుతారు (కొందరికి పొడిచినప్పుడు చురుక్కుమనేది అందుకే). చర్మం కిందికి వెళ్లగానే ఆ పులుపు పోయి మందు కంటికి కనపడని పలుకులుగా మారుతుంది, ఆ పలుకులు దాదాపు 24 గంటలపాటు నెమ్మదిగా కరుగుతూ రక్తంలో కలుస్తాయి.

కళ్ల సంగతి. మీ ఆడపడుచు గారి భర్తకి ఇన్సులిన్ ఎప్పుడు మొదలెట్టారో కనుక్కోండి. చాలా ఇళ్లలో పదేళ్లు, పదిహేనేళ్లు షుగర్ ఎక్కువగానే ఉండి, ఇక మాత్రలకి లొంగదని తేలాక, అప్పటికే కంటి వెనక రెటీనా దెబ్బతిన్నాక సూది మొదలవుతుంది. చూపు తగ్గినట్టు ఆ తర్వాత తెలుస్తుంది, నింద సూది మీద పడుతుంది. అయితే ఇందులో ఒక చిన్న నిజం లేకపోలేదు, దాచడం నాకిష్టం లేదు: చాలా కాలం ఎక్కువగా ఉన్న షుగర్‌ని ఒక్కసారిగా కిందికి దించితే, అప్పటికే రెటీనా పాడై ఉన్నవాళ్లకి అది కొన్నాళ్లు ఇంకొంచెం ముదరొచ్చు. అందుకని సూది మొదలుపెట్టే రోజుల్లోనే కంటి డాక్టర్ దగ్గర చుక్కల మందు వేయించి రెటీనా చూపించండి. సూది మానేయడానికి అది కారణం కాదు.

"ఒకసారి మొదలెడితే వదలదు" అంటే, గర్భిణికి కాన్పయ్యాక ఆపుతాం, ఆపరేషన్ కోసం పెట్టింది గాయం మానాక ఆపుతాం. మీ వారి విషయంలో మాత్రం కొనసాగే అవకాశమే ఎక్కువ. అది ఇన్సులిన్ అలవాటు చేయడం వల్ల కాదు. బ్రిటన్‌లో ఏళ్లతరబడి సాగిన యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనంలో, షుగర్ జబ్బు బయటపడే నాటికే క్లోమం శక్తి దాదాపు సగం పోయి ఉంటోందని తేలింది, తర్వాత ఏటా ఇంకాస్త తగ్గుతూ పోతుంది. కళ్లజోడు పెట్టుకున్నందుకు చూపు తగ్గిందని ఎవరూ అనరు కదా.

ఇక 10 యూనిట్లు అనేది మొదటి మెట్టు. పరగడుపు షుగర్ 80 నుంచి 130 మధ్యకి వచ్చేదాకా మూడు రోజులకోసారి 2 యూనిట్ల చొప్పున పెంచుకుంటూ పోవడం మామూలు పద్ధతి, కాబట్టి గ్లూకోమీటర్ లేకుండా ఈ మందు మొదలుపెట్టకండి. మెట్‌ఫార్మిన్ ఆపకూడదు. గ్లిమిపిరైడ్ జాతి మాత్ర ఉంటే తగ్గించాలా అని అడగండి, రెండూ కలిస్తే లో షుగర్ వచ్చే వీలుంది. మొదటివారం ఏ తేడా కనపడకపోతే "పనిచేయలేదు" అని వదిలెయ్యొద్దు, 10 దగ్గర ఆగిపోయి ఆర్నెల్లు అలాగే వేసుకునేవాళ్లు నాకు వారానికి ఇద్దరైనా కనపడతారు.

"నా బరువు 68 కిలోలు. రాత్రి సూది 20తో మొదలై ఇప్పుడు 46 యూనిట్లకి వచ్చింది. పరగడుపు 105 వస్తోంది, బాగానే ఉంది. కానీ మధ్యాహ్నం భోజనం అయ్యాక 290, రాత్రి పడుకునే ముందు 240. అందుకే నేనే పెంచుకుంటూ వస్తున్నా. పోయిన వారం తెల్లవారుజామున మూడింటికి ఒళ్లంతా చెమట, బనియన్ తడిసిపోయింది, కాళ్లు వణికాయి. మా ఆవిడ పంచదార నీళ్లిస్తే తగ్గింది. ఇంకో నాలుగు యూనిట్లు పెంచమంటారా?" – జగిత్యాల

వద్దు బాబూ, వద్దు! ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఆ మూడింటి సంగతి చెప్పండి, పెంచడం కాదు, తగ్గించాల్సి ఉంటుంది.

మీరు రాసిన అంకెల్లోనే జవాబుంది. పడుకునేటప్పుడు 240, లేచేటప్పుడు 105. అంటే నిద్రలో 135 పడిపోతోంది. ఆ తేడా 50 దాటితేనే మేం అనుమానంగా చూస్తాం. పైగా బరువుని బట్టి చూసినా, కిలోకి అర యూనిట్ దాటితే, అంటే మీకు 34 దాటితే, ఇక ఈ మందుని పెంచడం కాదు, వేరే దారి చూడాలి అన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. మీరు 46లో ఉన్నారు.

జరుగుతున్నది ఏమిటంటే, మధ్యాహ్నం తిన్న అన్నానికి పెరిగిన షుగర్‌ని మీరు రాత్రి సూదితో కొడుతున్నారు. దానికి ఆ పని రాదు. మీరు కంచం నిండా అన్నం పెట్టుకున్నారా, ఒక గరిటె పెట్టుకున్నారా, పైన ముద్దపప్పా, ఆదివారం బిర్యానీయా, ఇవేవీ దానికి తెలియవు, తెలిసే ఏర్పాటే లేదు దాన్లో. పొద్దున, మధ్యాహ్నం, అర్ధరాత్రి ఒకే తీరున పనిచేసుకుంటూ పోతుంది. మధ్యాహ్నపు 290ని దించేంత బలం దానికిస్తే ఆ బలమే మూడింటికి, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఉంటుంది. మీ బనియన్ తడిసింది అందుకే.

భోజనం వల్ల పెరిగేదానికి భోజనం దగ్గరే వైద్యం చేయాలి. మొదట కంచం. అన్నం సగానికి తగ్గించి కూర, పప్పు, పెరుగు పెంచితే ఆ 290 ఎంతకి వస్తుందో ఒక్క వారం రాసి చూడండి, చాలామందికి 40, 50 అంకెలు అక్కడే రాలతాయి. మనవాళ్లు అన్నం మానేసి నాలుగు చపాతీలు తినడం మొదలెడతారు, నాలుగు చపాతీలూ పిండే, దానివల్ల పెద్ద లాభం లేదు. అది చాలకపోతే రోజులో ఎక్కువ తినే పూట ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ చిన్న డోసు, మామూలుగా 4 యూనిట్లతో మొదలెడతారు, లేదా లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్ లాంటి, ఇన్సులిన్ కాని సూదులు మీకు సరిపోతాయేమో డాక్టర్ చూస్తారు. "ఇంకో సూదా!" అని మీరు ముఖం పెడతారని తెలుసు. నాలుగు యూనిట్ల ఇంకో సూది, 46 యూనిట్ల ఒక్క సూది కంటే నాకు తక్కువ భయం.

ఆ రాత్రి మీ ఆవిడ చేసింది సరైన పనే. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగడం, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవడం, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగడం. తేరుకున్నాక ఏదైనా తినాలి, ఎందుకంటే సూది ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది.

"మా నాన్నకి గ్లార్జిన్ 22 యూనిట్లు, సీసాలోంచి సిరంజితో నేనే ఎక్కిస్తాను. ఆ రోజు మెడికల్ షాపులో మామూలుగా కొనే సిరంజిలు లేవంటే వేరేవి ఇచ్చారు, ఎర్ర మూతవి. అవీ ఇన్సులిన్ సిరంజిలే అన్నారు. 22 గీత దాకానే తీశాను, కళ్లతో చూసి తీశాను. పొద్దున్నే లేపితే పలకలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే 38 ఉంది. బతికి బయటపడ్డారు గానీ నా తప్పేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు." – నంద్యాల

ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు మీది కాదు, మన దేశంలో రెండు బలాల ఇన్సులిన్ పక్కపక్కనే అమ్ముతారు, ఆ సంగతి కొనేవాళ్లకి ఎవరూ చెప్పరు.

సీసాల్లో వచ్చే మామూలు ఇన్సులిన్, మిక్స్ ఇన్సులిన్ ఇక్కడ ఎక్కువగా మిల్లీలీటర్‌కి 40 యూనిట్లు. దానికోసం చేసిన సిరంజి మూత ఎరుపు. మీ నాన్నగారి గ్లార్జిన్ మిల్లీలీటర్‌కి 100 యూనిట్లు. దానికి నారింజ రంగు మూత. సిరంజి మీద ఉన్న గీత యూనిట్లని కొలవదు, అది కొలిచేది మందు ఎంత జాగా పట్టిందో మాత్రమే, ఆ జాగాకి ఎన్ని యూనిట్లో 40 లెక్కన రాశారా, 100 లెక్కన రాశారా అన్నదే తేడా. ఎర్ర మూత సిరంజిలో 22 గీత అంటే 0.55 మిల్లీలీటర్లు. అదే 0.55లో 100 బలం మందు నింపితే 55 యూనిట్లు. మీరు 22 ఇచ్చాననుకున్నారు, ఆయన ఒంట్లోకి రెండున్నర రెట్లు వెళ్లింది. తిరగేస్తే ఇంకోరకం చిక్కు: 40 బలం మందుని నారింజ మూత సిరంజితో తీస్తే సగం కూడా వెళ్లదు, షుగర్ 400 అయి కూర్చుంటుంది, కారణం తెలియక డాక్టర్ డోసు పెంచుతాడు, ఎప్పుడో సరైన సిరంజి దొరికిన రోజు కొంప మునుగుతుంది.

సీసా మీద 40 అని ఉందా 100 అని ఉందా, సిరంజి మీదా అదే అంకె ఉందా, ఈ రెండూ కొనేచోటే, కౌంటర్ దగ్గరే కలిపి చూడండి. కలవకపోతే కొనకండి, ఆ రాత్రి సూది కొన్ని గంటలు ఆలస్యమైనా పరవాలేదు. వీలైతే పెన్నుకి మారిపోండి, పెన్నులో ఈ గొడవ ఉండదు, తిప్పిన అంకే యూనిట్లు. టౌజియో అని 300 బలం గ్లార్జిన్ కూడా పెన్నుల్లో ఉంది, దాంట్లో కూడా తిప్పిన అంకే లెక్క, కాకపోతే పెన్ను పాడైందని దానిలోంచి సిరంజితో మందు లాగే పని మాత్రం చేయకండి.

ఇంకో మాట, మళ్లీ ఎప్పుడూ అవసరం పడకూడదు గానీ: పలకని మనిషి నోట్లో పంచదార నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించగానే కళ్లు తెరిస్తే "ఇక ఇంటికి పోదాం" అని అక్కడ పట్టుబట్టేవాళ్లని చూశాను. రోజంతా పనిచేసే మందు రెండింతలు పైన పడింది కదా, గ్లూకోజ్ అయిపోగానే మళ్లీ పడిపోతుంది, కనీసం ఒక రోజు ఉండాల్సిందే.

"నాకు 19, టైప్ 1, విశాఖలో హాస్టల్లో ఉంటా. రోజూ డెగ్లుడెక్, తిన్నప్పుడల్లా ఇంకో ఇన్సులిన్. పోయిన నెల జ్వరం వచ్చి రెండ్రోజులు ఏమీ తినలేదు. తిననప్పుడు ఇన్సులిన్ వేసుకుంటే లో అవుతుందేమోనన్న టెన్షన్‌తో రెండూ ఆపేశా. మూడోరోజుకి వాంతులు, ఆయాసం. ఐసీయూలో పెట్టారు. అందరూ తిట్టారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు."

తిట్టనమ్మా. నువ్వు ఆలోచించిన తీరులో తర్కం ఉంది, సగం సరైనదే: తినలేదు కాబట్టి తిండి ఇన్సులిన్ ఆపడం అర్థం చేసుకోదగ్గదే. ఆపకూడనిది రోజూ వేసుకునే డెగ్లుడెక్.

పైన తెనాలి వాళ్లకి చెప్పిన లివర్ సంగతి చదువు. ఆ పెద్దాయనకి సొంత ఇన్సులిన్ ఎంతో కొంత ఉంది. నీకు లేదు. జ్వరం వస్తే లివర్ మామూలు కంటే ఎక్కువ చక్కెర వదులుతుంది, అంటే తినకపోయినా షుగర్ పెరుగుతుంది. ఇన్సులిన్ లేకపోతే ఆ చక్కెర కండరాల్లోకి వెళ్లలేదు, ఆకలితో శరీరం కొవ్వుని కాల్చడం మొదలెడుతుంది, దాన్నుంచి కీటోన్లు అనే ఆమ్లాలు వస్తాయి, రక్తం పులిసిపోతుంది. నీకు వచ్చిన ఆయాసం ఊపిరితిత్తుల జబ్బు కాదు, ఆ ఆమ్లాన్ని బయటికి ఊదేయడానికి శరీరం పడిన తంటా. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించేదాకా నీ జబ్బున్న పిల్లలందరూ ఇలాగే, ఈ దారిలోనే పోయేవాళ్లు.

ఈసారి జ్వరం వస్తే: డెగ్లుడెక్ వేసుకో, డోసు ఎంత అన్నది నీ డాక్టర్‌ని ఫోన్లో అడుగు, సున్నా మాత్రం కాదు. మూడు నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకో, రాత్రి అలారం పెట్టుకుని. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, ఒక డబ్బా ఉంచుకో. ఉప్పేసిన మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు, ఏది దిగితే అది గుక్కగుక్కగా తాగు. వాంతులు ఆగకపోయినా, కీటోన్లు ఎక్కువున్నా ఆసుపత్రికే, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. రూమ్మేట్‌కి ఈ పేరా చదివించు.

అడగకపోయినా ఒకటి చెప్తాను, నీ వయసులో అందరూ మర్చిపోతారు కాబట్టి: డెగ్లుడెక్ ఒకపూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, తర్వాతి డోసుకి కనీసం 8 గంటల ఎడం ఉండాలి. రెండు కలిపి ఒకేసారి వేసుకోకూడదు.

"ఎండాకాలంలో మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇన్సులిన్‌ని ఐసులో పెట్టొచ్చా?" – రెంటచింతల

ఎండల గురించి రెంటచింతల వాళ్లకి నేనేం చెప్పగలను! ఐసులో మాత్రం పెట్టకండి, డీప్ ఫ్రిజ్‌లోనూ వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పనిచేయదు. విప్పనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్ తలుపులో. వాడుతున్న గ్లార్జిన్ 30 డిగ్రీలు దాటని చోట బయటే ఉండొచ్చు, 28 రోజులు. డెగ్లుడెక్ అయితే 8 వారాలు. మీ ఊళ్లో మే నెలలో 30 దాటని చోటు ఇంట్లో ఎక్కడుంటుంది అంటారా, కుండ. పెద్ద మట్టి కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, మందుని ప్లాస్టిక్ డబ్బాలో మూతబిగించి లోపల ఉంచి పైన తడిగుడ్డ కప్పండి, నీడలో గాలి తగిలేచోట. ఇసుక ఆరకుండా చూసుకుంటే బయటకంటే చాలా డిగ్రీలు తక్కువుంటుంది. స్కూటర్ డిక్కీలో, కారు డాష్‌బోర్డులో ఒక్క మధ్యాహ్నం పెట్టినా ఆ పెన్ను పారేయాల్సిందే. గ్లార్జిన్ ఎప్పుడూ నీళ్లలా తేటగా ఉండాలి, మబ్బుగా కనిపిస్తే వాడొద్దు.

"నాకు ముందు పాలనీళ్లలా ఉండే ఇన్సులిన్ ఇచ్చేవాళ్లు, కుదిపి వేసుకునేదాన్ని. ఇప్పుడు తేటగా ఉండేది రాశారు, ఖరీదు ఎక్కువ. నిజంగా అవసరమా, కంపెనీలకోసమా?" – రాజమండ్రి

రెండూ కొంచెం కొంచెం. పాలనీళ్లలా ఉండేది ఎన్‌పీహెచ్. డెన్మార్క్‌లో హేగెడోర్న్ అనే ఆయన 1936లో చేపల వీర్యం నుంచి తీసిన ప్రొటమిన్‌ని ఇన్సులిన్‌తో కలిపితే నెమ్మదిగా పనిచేస్తుందని కనిపెట్టాడు, 1946లో అది ఇప్పటి రూపానికి వచ్చింది, ఆ పేరులోని చివరి అక్షరం ఆయనదే. మంచి మందే, ఇప్పటికీ. ఇబ్బందల్లా అది వేసుకున్న నాలుగు గంటల నుంచి పది గంటల మధ్య ఒక గుట్టలా పైకి లేస్తుంది, రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటే ఆ గుట్ట సరిగ్గా గాఢనిద్రలో వస్తుంది. 2000లో వచ్చిన గ్లార్జిన్‌కి ఆ గుట్ట లేదు. కాబట్టి రాత్రిపూట లో అవుతున్నవాళ్లకి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి మార్చడం అవసరమే. మీకు పాతదానితో ఏ ఇబ్బందీ లేక, డబ్బు ఇబ్బందే ఉంటే ఆ మాట మొహమాటపడకుండా డాక్టర్‌తో అనండి. గ్లార్జిన్‌లోనే మనదేశంలో తయారైనవి చౌక, బెంగళూరు బయోకాన్ వాళ్లది 2009 నుంచి ఉంది, అదే కంపెనీ గ్లార్జిన్‌ని 2021లో అమెరికాలో అసలుదానికి బదులుగా ఫార్మసీలోనే మార్చి ఇవ్వొచ్చని అనుమతించారు. చౌకదని చిన్నచూపు అక్కర్లేదు.

మీ ఉత్తరం చివర "బొడ్డు పక్కన గట్టిగా గడ్డలా ఉంది, అక్కడ పొడిస్తే నొప్పి తెలియదు కాబట్టి అక్కడే వేసుకుంటా" అని రాశారు, అసలు ప్రశ్న అదే కావాల్సింది! అది రోజూ ఒకేచోట పొడవడం వల్ల పేరుకున్న కొవ్వు. అందులో వేసిన మందు ఒకరోజు అందుతుంది, ఒకరోజు అందదు. చోటు మార్చండి, ముందటిరోజు పొడిచిన చోటికి కనీసం వేలెడు ఎడంగా, పొట్టకి అటూ ఇటూ, తొడలు. కాకపోతే మంచి చోటికి మారగానే అదే డోసు ఎక్కువైపోతుంది, మారే ముందు డాక్టర్‌కి చెప్పి కొంత తగ్గించుకోండి.

"అమ్మాయి కాన్పుకి న్యూజెర్సీ వెళ్తున్నాను, ఆర్నెల్లు. రాత్రి 9కి గ్లార్జిన్ 18. అక్కడ టైము తేడాతో ఏం చేయాలి?" – హనుమకొండ

ఏమీ మార్చకుండా ఉండొచ్చు. ఇక్కడ రాత్రి 9 అంటే అక్కడ వేసవిలో పొద్దున 11:30. అదే వేళకి వేసుకుంటే సరి, 24 గంటల ఎడం తప్పదు, పైగా మనవడి పనిలో రాత్రిళ్లు మర్చిపోయే గొడవా ఉండదు. రాత్రికే కావాలంటే అక్కడికి వెళ్లాక రోజుకి రెండేసి గంటలు జరుపుకుంటూ పోండి. పెన్నులు చేతి సంచిలోనే పెట్టుకోండి, చెకిన్ సూట్‌కేసులో గడ్డకట్టే వీలుంది. ఆర్నెల్లకి సరిపడా మందు, సూదులు, డాక్టర్ ఇంగ్లిషులో రాసిన చీటీ తీసుకెళ్లండి. 40 బలం మనుషుల ఇన్సులిన్ అక్కడ అమ్మరు, మామూలుగా దొరికే సిరంజిలు 100వే, కాబట్టి మీతోపాటు మీ వారు 40 సీసా వాడుతుంటే సిరంజిలు కూడా ఇక్కడినుంచే మోసుకెళ్లాలి. నంద్యాల ఉత్తరం ఇద్దరూ చదవండి.

"శివరాత్రి ఉపవాసం, జాగరణ మానలేను. సూది మానొచ్చా?" – శ్రీకాళహస్తి. "రోజాల్లో ఎప్పుడు వేసుకోవాలి?" – కడప

ఇద్దరికీ ఒకే జవాబు: పూర్తిగా మానొద్దు, డోసు తగ్గించాలి. రంజాన్‌లో రోజుకొక్కసారి వేసుకునే సూదిని ఇఫ్తార్ వేళకి మార్చి, షుగర్ అదుపులో ఉన్నవాళ్లకి 15 నుంచి 30 శాతం తగ్గిస్తారు. మీ అంకె ఎంతో నెల ముందే వెళ్లి అడగండి, చంద్రుడు కనపడ్డాక కాదు. శివరాత్రికి కూడా ముందురోజు రాత్రి డోసు గురించి అడిగిపెట్టుకోండి, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గురించి కూడా. 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం వదిలేయాలి, వేలికి పొడిచి చూసుకుంటే రోజా చెడదని మతపెద్దలే చెప్తున్నారు. టైప్ 1 వాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఉండకపోవడమే మంచిది.

"వారానికి ఒక్కటే ఇన్సులిన్ వచ్చిందట కదా?" – సిద్దిపేట

వచ్చింది, ఐకోడెక్, 2024లో యూరప్‌లో అనుమతిచ్చారు. సూదులు ఏడాదికి 365 నుంచి 52కి తగ్గుతాయి, రోజూ గుర్తుపెట్టుకోలేని పెద్దవాళ్లకి, కూతురో కోడలో వారానికోసారి వచ్చి వేసి వెళ్లే ఇళ్లకి బాగుంటుంది. టైప్ 1 వాళ్లకి లో షుగర్ ఎక్కువైంది పరీక్షల్లో. నా బెంగ కూడా అదే, ఈ రోజు ఎక్కువ వేసుకున్న గ్లార్జిన్ రేపటితో పోతుంది, దీన్ని ఎక్కువ వేసుకుంటే వారం మోయాలి. ఇది కూడా అన్నం సంగతి తెలియని మందే. ప్రస్తుతానికి మీ రాత్రి సూదితో పరగడుపు ఎంత వస్తోందో రాయకుండా దీని గురించి అడిగారు, ఈసారి అది రాయండి.